న్యాక్ పీర్ టీమ్ సభ్యులు చూడకూడనివి

కాలేజీల నాణ్యతను తూచి గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ బెంగళూరు కేంద్రంగా 1994లో పుట్టినప్పటి నుంచి సీనియర్ ప్రొఫెసర్లకు ఒక సేవామార్గం దొరికింది. పీర్ టీమ్ అనే బృందంలో చేరి, ఎక్కడో పరాయి రాష్ట్రంలోని కాలేజీకి వెళ్లి, రెండు రోజులు తిరిగి, అది ఎంత నాణ్యమైనదో తేల్చి రావడం. ఇలాంటి సేవకు కొత్తగా ముందుకొచ్చేవాళ్లు ఉత్సాహం కొద్దీ కళ్లు తెరుచుకుని తిరిగే ప్రమాదం ఉంది. అందుకే ఏమేం చూడకూడదో ముందే చెప్పేస్తే మంచిది.

ముందు మీ పరిధి తెలుసుకోండి. 2017లో వచ్చిన పద్ధతిలో మార్కుల్లో సుమారు 70 శాతం అంకెలవే. అయిదేళ్ల లెక్కలను కాలేజీ తన గురించి తానే రాసుకునే ఎస్‌ఎస్‌ఆర్ అనే నివేదికలో ఎక్కిస్తుంది, డీవీవీ అనే డేటా తనిఖీ విభాగం వాళ్లు కాగితాలు సరిచూస్తారు. మిగిలిన వర్ణనాత్మక అంశాలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేయడమే మీ పని. అంటే మీరు గేటు దగ్గర కారు దిగేసరికే లెక్కలు ముగిశాయి. ఎన్‌సీసీ క్యాడెట్లు సెల్యూట్ కొడుతుంటే హుందాగా నడవండి.

నడిచేటప్పుడు ర్యాంపు వంక చూడకండి. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పన్నెండు అడుగుల పొడవుండాలని నియమం. రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగు అడుగులు కావాలి. మీకు కనిపించేది ఆరడుగులు. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు, దిగితే ఆగదు. ర్యాంపు చివరనున్న తలుపు లాగి చూడటం మరీ అమర్యాద, దానికి తాళం ఉంటుంది. పెయింటు తడి చేతికి అంటుకునే అవకాశం కూడా ఉంది.

లైబ్రరీలో పుస్తకాల సంఖ్య అడగండి, సంతోషంగా చెబుతారు. షెల్ఫులోంచి ఒక పుస్తకం తీసి వెనక అట్ట లోపల అంటించిన తేదీల స్లిప్పు చూడటం మాత్రం వద్దు. ఒక్క ముద్రా లేకపోతే ఆ పుస్తకాన్ని ఎంత పదిలంగా కాపాడుతున్నారో అని మెచ్చుకుని యథాస్థానంలో పెట్టేయండి. కొన్న పుస్తకాలను వరుసగా ఎక్కించే అక్సెషన్ రిజిస్టర్‌లో చివరి రెండు వేల పుస్తకాలూ ఒకే వారంలో ఎక్కాయేమోనన్న దుర్బుద్ధి అసలు పుట్టకూడదు.

కెమిస్ట్రీ ల్యాబులో పగిలిన గాజుసామాను రాసే రిజిస్టర్ ఒకటుంటుంది. అయిదేళ్లలో ఒక్క టెస్ట్‌ట్యూబూ పగలలేదంటే పిల్లలు మహా క్రమశిక్షణ గలవాళ్లన్నమాట. ఆ ట్యూబు పట్టుకున్న పిల్లలే లేరేమో అనుకోవడం పాపం.

ఇక అధ్యాపకులు. ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ తప్పులు చేస్తారు. తెలుగునాట ఇన్‌స్పెక్షన్ ఫ్యాకల్టీ అని ఒక ప్రత్యేక జాతి ఉంది. సర్టిఫికెట్లు ఈ కాలేజీలో ఉంటాయి, మనిషి ఇంకెక్కడో ఉద్యోగం చేస్తుంటాడు, తనిఖీ రోజున టై కట్టుకుని ప్రత్యక్షమవుతాడు. అతన్ని ఏ సబ్జెక్టు చెబుతారని అడగొచ్చు, కంఠతా వచ్చే ఉంటుంది. మీ సెక్షన్‌లో సీఆర్, అంటే క్లాస్ లీడరు, ఎవరండీ అని మాత్రం అడగకండి. పక్కన నిలబడ్డ విభాగాధిపతి, హెచ్‌ఓడీ గారు జవాబు చెప్పాల్సి వస్తుంది. పెద్దమనిషిని అలా ఇరుకున పెట్టడం భావ్యం కాదు. జీతాల బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే ఇంకా చిక్కు. ఖాతాలో జీతం పడిన మర్నాడే అందరూ సగం సగం నగదుగా తీస్తుంటారు, అదీ ఒకే ఏటీఎంలో. సమష్టి జీవనం అని రాసుకుని ఊరుకోవాలి.

విద్యార్థులకు ఇచ్చిన సలహాలను అధ్యాపకులు రాసే మెంటార్ డైరీలు ముచ్చటగా ఉంటాయి. మూడేళ్ల కౌన్సెలింగ్ అంతా ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఒకే ఊపులో సాగుతుంది. తీసిన చోటు, తేదీ ముద్రపడే జియోట్యాగ్ ఫొటోలు కూడా అంతే. స్వచ్ఛభారత్‌లోనూ యోగా దినోత్సవంలోనూ రక్తదానంలోనూ ప్రిన్సిపాల్ గారిది అదే నీలం చొక్కా. పొదుపరి అయివుంటారు. తల్లిదండ్రుల సమావేశంలో ముందు వరుసలో కూర్చున్నాయన తన కొడుకు ఏ బ్రాంచో చెప్పడానికి తడబడితే మీరే అందించండి.

రిపోర్టు రాయడం ఒక కళ. బలాలు, బలహీనతలు, అవకాశాలు, సవాళ్లు అని నాలుగు గదులుంటాయి. బలహీనతల గది నింపి తీరాలి, ఎవరూ నొచ్చుకోకూడదు. అయిదేళ్లలో చెప్పుకోదగ్గ పేపరు ఒక్కటీ రాకపోతే “పరిశోధన మరింత ఊపందుకోవాలి” అనాలి. కంపెనీలతో కుదుర్చుకున్న ఎంఓయూలన్నీ (ఒప్పందాలు) సంతకం చేసిన రోజు ఫొటో దగ్గరే ఆగిపోతే “పరిశ్రమలతో బంధం బలపడాలి” అనాలి. ఏదీ దొరక్కపోతే “గ్రామీణ ప్రాంతంలో ఉండటం” అనేది సవాలుగా అన్ని కాలేజీలకూ నప్పుతుంది, నగరం నడిబొడ్డున ఉన్నవాటికి తప్ప. రిపోర్టు మీద ప్రిన్సిపాల్ సంతకం కూడా ఉండాలి. కాబట్టి వారు నవ్వుతూ పెట్టగలిగే వాక్యాలే రాయండి. మీలో ఒక ఉలిపికట్టె ఉండి, ఉన్నదున్నట్టు రాద్దామంటే, చైర్‌పర్సన్ గారు రైలు టైమైందంటారు.

కానుకలు తీసుకోకూడదన్నది నిబంధన. శాలువా మర్యాద కిందకు వస్తుందని సంప్రదాయం తీర్పు చెప్పింది. ఆ పైన ఎక్కడిదాకా అనే ప్రశ్న 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థ వ్యవహారంలో తలెత్తింది. టీమ్ చైర్మన్‌తో సహా పది మందిని అరెస్టు చేశామనీ, సుమారు 37 లక్షల నగదు, ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్ దొరికాయనీ సీబీఐ ప్రకటించింది. నిజానిజాలు కోర్టులో తేలాలి గానీ, ఇన్నాళ్లూ శాలువాతో సరిపెట్టుకున్న పెద్దలకు మాత్రం మనసు చివుక్కుమంది. ఆ నెలల్లోనే న్యాక్ తన పీర్ టీమ్ పరిశీలకుల జాబితాలోంచి దాదాపు 900 మందిని తప్పించింది. కాబట్టి ఖాళీలున్నాయి, సేవ చేయదలిస్తే ఇదే అదను.

కాలేజీలకు ఇక ఆన్‌లైన్‌లోనే సందర్శన అంటున్నారు. ఫోన్ పట్టుకుని కారిడార్‌లో నడుస్తున్న కుర్రాణ్ని “బాబూ, ఆ ఎడమవైపు గదిలోకి ఒకసారి తిప్పు” అని అడగాలనిపిస్తుంది. అడగకండి. అడిగిన మరుక్షణం నెట్ పోతుంది. పోయాక కూడా కంగారు పడొద్దు, ఐటీ వసతులు నాలుగో క్రైటీరియన్ (మార్కుల విభాగం) కిందకు వస్తాయి, వాటి మార్కుల్లో కొన్ని అంకెల్లో ఎప్పుడో పడిపోయాయి.