బావగారి అమెరికా బూట్లు

తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం ఏదంటే, మా బావ చిన్నప్పుడు మహేంద్రగిరి అని రాసి మార్కు కొట్టేశాడు. దాని ఎత్తు 1,501 మీటర్లే. పాడేరు ఏజెన్సీలో ఉన్న అర్మకొండ 1,680 అనీ, ఒడిశాలో దేవ్‌మాలి 1,672 అనీ తెలిసిన రోజు నుంచి ఆయనకి నిద్ర పట్టలేదు. “ఎనిమిది మీటర్ల మెజారిటీతో గెలిచాం రా! ఎక్కకపోతే ఎలా?” అన్నాడు.

మేఘాలు చూడ్డానికి చలికాలమంతా జనం వంజంగికి ఎగబడతారు. అక్కడ ఇప్పుడు మేఘాల కంటే సెల్ఫీ స్టిక్కులే ఎక్కువ. అర్మకొండకి ఆ బెడద లేదు, అసలు ఉందనే చాలామందికి తెలీదు.

ఇక బూట్ల సంగతి. డాలస్‌లో ఉన్న బావ తమ్ముడు ఎప్పుడో తెచ్చిచ్చిన ట్రెకింగ్ బూట్లవి. (కంపెనీ పేరెందుకు లెండి, తప్పు వాళ్లది కాదు.) “వీటిని కొండకే తొడుగుతా” అని ఒట్టు పెట్టుకున్నాడు బావ. ఏటా దసరాకి అటక మీంచి దించి, తుడిచి, మళ్లీ అటకెక్కించేవాడు. అక్క ఎన్నిసార్లు దెప్పినా మార్కెట్‌కి కూడా వేసుకోలేదు.

ఆ బూట్ల అడుగు సోళ్లు పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేస్తారట. గాలిలో తేమ దాన్ని లోలోపలే తినేస్తుంది. వాడకుండా దాచినా సరే, కొన్నేళ్లకి దాని పని అయిపోతుంది. మాది విశాఖ, సముద్రపు గాలి. బూట్లు అటక మీదే కాలం చేశాయన్నమాట, కబురు మాత్రం మాకు కొండ మీద అందింది.

మాకు దారి చూపించిన కుర్రాడు హవాయి చెప్పులతో వచ్చాడు, చేతిలో కత్తి. బావ వాడి కాళ్ల వంక జాలిగా చూసి, “ఇదేంటయ్యా, కొండెక్కేవాడికి యాంకిల్ సపోర్ట్ ఉండొద్దూ?” అని క్లాసు పీకాడు. కుర్రాడు బుద్ధిగా తలూపాడు.

మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ తోట. అది దాటామో లేదో, టపటపమని చప్పుడు. బావ ఎడమ బూటు నోరు తెరిచింది. నాలుగడుగులకి కుడిదీ తెరిచింది. వంగి చూస్తే సోలు సున్నిపిండిలా రాలుతోంది. నా బ్యాగులో గమ్ము ట్యూబు ఉంది కానీ, అంటించడానికి అక్కడ ఏదైనా మిగలాలి కదా! దారిలో కొన్న మాడుగుల హల్వా వైపు కూడా బావ ఓసారి ఆశగా చూశాడు. పొట్లం నేను లాగేసుకున్నాను.

కుర్రాడు అడ్డతీగ నరికి, నార ఒలిచి, బూట్లకి అడ్డంగా నిలువుగా కట్టు కట్టాడు. మొదటి బండ దగ్గరే నార జారింది, మిగిలిన సోలు లోయలోకి పోయింది. అప్పుడు వాడు తన చెప్పులు విడిచి బావ ముందు పెట్టాడు. సైజు చిన్నది. మడమలు బయటికి వేలాడుతుంటే బావ ఎక్కాడు. వట్టి కాళ్లతో వాడు మాకంటే ముందే వెళ్లిపోయి, పైన కూర్చుని ఈల వేస్తున్నాడు.

శిఖరం మీద ఫొటోలన్నీ మోకాళ్ల పైకే తీయమన్నాడు బావ.

దిగబోతుంటే కుర్రాడు అన్నాడు: “సారూ, నెమ్మదిగా రండి. వాటికి ఏంకిల్ సపోట్ లేదు.”

ఊళ్లోకి రాగానే బావ వాడికి కొత్త చెప్పుల డబ్బులిచ్చాడు. వాడు మొహమాటపడుతూ, “ఆ బూట్ల తాళ్లు పారేత్తారేటండీ? మా మేకకి బాగుంతాయి” అన్నాడు. లేసులు మాత్రం చెక్కు చెదరలేదు మరి.

రాత్రి డాలస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “బూట్లు ఎలా ఉన్నాయన్నయ్యా?”

“మేకకి సరిగ్గా సరిపోయాయి రా” అని పెట్టేశాడు బావ.