పక్కనున్నవారి ప్రశాంతత

మతి చెదిరిన మనిషి చుట్టూ తిరిగే భయానక చిత్రాల్లో విమర్శకులు ఎప్పుడూ ఆ ఒక్కరినే పొగుడుతారు. ‘బ్లాక్ స్వాన్’కు ఆస్కార్ కూడా నాటలీ పోర్ట్‌మన్‌కే వెళ్లింది. పక్కనే ఉండి ఏమీ గమనించని పాత్రల నిబ్బరం మాత్రం ఎవరికీ పట్టదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే బాధ్యత నా నెత్తిన వేసుకుంటున్నాను.

రోమన్ పొలాన్‌స్కీ 1965లో తీసిన ‘రిపల్షన్’ చూడండి. లండన్‌లో గోళ్లు తీర్చిదిద్దే పని చేసుకునే కారోల్‌ను ఒంటరిగా వదిలి, అక్క తన ప్రియుడితో ఇటలీ విహారానికి వెళ్తుంది. వండకుండా వదిలేసిన కుందేలు పళ్లెంలోనే కుళ్లుతుంది. పని చేస్తూ కారోల్ ఒకావిడ వేలు కోసేస్తే, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమంటారు. ఏ ఇంటికో చెప్పాను కదా! అద్దె వసూలుకు వచ్చిన ఇంటి యజమాని ఆ కంపులో నిలబడి, తనతో స్నేహంగా ఉంటే అద్దె సంగతి మరిచిపోవచ్చంటాడు. అటువంటి ఏకాగ్రత మునులకైనా ఉందా?

స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ (1980) మరీ ఘనమైనది. శీతాకాలంలో మూసేసే హోటల్లో పూర్వపు కాపలాదారు తన భార్యాపిల్లలను నరికేశాడని మేనేజరు ఇంటర్వ్యూలోనే చెబుతాడు. కొత్త కాపలాదారు జాక్ నవ్వుతూ ఉద్యోగంలో చేరతాడు. ఆ తర్వాత బాయిలర్ చూసుకునేది, రేడియోలో అటవీ రేంజర్లతో మాట్లాడేది, ఫలహారం పడక దగ్గరికి తెచ్చేది భార్య వెండీ. దొరగారు పొద్దెక్కి లేచి, హాల్లో గోడకు బంతి కొట్టి, ఒకే వాక్యాన్ని కాగితాల కట్టలుగా టైపు చేస్తారు. చాకిరీ ఆవిడది, పిచ్చి ఆయనకు! ఆటపాటలు లేకుండా ఎప్పుడూ పనిలోనే మునిగి ఉంటే జాక్ మొద్దబ్బాయి అవుతాడని ఆ వాక్యం తాత్పర్యం.

‘బ్లాక్ స్వాన్’ (2010)లో బాలే నర్తకి నీనా (పోర్ట్‌మన్) వీపు గీరుకుని పుండు చేసుకుంటే, తల్లి కత్తెర తెచ్చి గోళ్లు కత్తిరిస్తుంది. రోగం గోళ్లలో ఉందని అంత త్వరగా కనిపెట్టిన వైద్యురాలు మరొకరు లేరు.

మన దక్షిణాదిని మాత్రం తప్పుపట్టలేం. 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’లోనూ, దాని ఆధారంగా వచ్చి తెలుగులోనూ ఆడిన ‘చంద్రముఖి’లోనూ ఏకంగా మానసిక వైద్యుడే కథానాయకుడు. బంధువులంతా హాజరు. మంత్రవాదికీ పిలుపు. రోగి చంపాలనుకున్న భర్త స్థానంలో బొమ్మను పెట్టి, ఆమె చేతే దాన్ని అంతం చేయించడంతో జబ్బు నయం. మాత్ర ఒక్కటి లేదు, మళ్లీ ఎప్పుడు రావాలన్న చీటీ లేదు. ఆ బొమ్మ ఖర్చు ఏ ఆరోగ్య బీమా కంపెనీ చెల్లిస్తుందో ఎవరైనా కనుక్కుని చెప్పగలరు.