వెనకొచ్చిన కొమ్ములు

రోడ్డు ఎవరిది అన్న తగువు ఇవాళ్టితో తేల్చేయాలని పూనుకున్నాను. నేను కారున్నవాణ్ణి. కాబట్టి తీర్పు ముందే తెలుసు, కాగితాలు చూసుకోవడమే తరువాయి.

ఆస్తి తగాదా అన్నాక లింకు డాక్యుమెంట్లు తిరగేయాలి కదా. తిరగేశాను. తిరగేయకపోతేనే బాగుండేది. అన్నిటికంటే పాత పత్రం నడిచేవాడిది. రోడ్డు అనే మాట పుట్టకముందే వాడి కాళ్లు దారి వేసేశాయి. రెండో పత్రం సైకిలుది. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన పెడళ్లు లేని రెండు చక్రాల చెక్క బండి ఎక్కి, కాళ్లతో నేలను తన్నుకుంటూ బయల్దేరాడు. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంట్ అడిగింది 1886లో. అంటే మా వంశం 69 ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. వచ్చీ రాగానే హాల్లో పడక్కుర్చీ మాదే అంది.

ఇంతకంటే ఇబ్బందికరమైన కాగితం ఇంకొకటి దొరికింది. అమెరికాలో సైకిలు తొక్కేవాళ్లు 1880లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ బురదలో తొక్కలేకపోతున్నాం, మంచి రోడ్లు వేయండి మహాప్రభో అని ప్రభుత్వాల వెంటపడ్డారు. మంచి రోడ్ల ఉద్యమం అలా వాళ్ల చేతుల మీదుగా ఊపందుకుంది. తర్వాత మేం దిగి, "ఏయ్ సైకిలూ, పక్కకి జరుగు" అన్నాం. ఇల్లు కట్టించినవాణ్ణి అరుగు మీద పడుకోమన్నట్టు ఉందని మీకనిపించొచ్చు. నాకైతే అనిపించలేదు. అరుగు మీద గాలి బాగా వస్తుంది.

నేను బెదరను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు. మా కొమ్ము పేరు హారన్. ముందొచ్చిన చెవులు దాన్ని వినడానికి పనికొస్తున్నాయి.

మేం మాత్రం తక్కువ అవమానాలు పడ్డామా? బ్రిటన్‌లో 1865 నాటి చట్టం ప్రకారం ఇంజనుతో నడిచే బండి ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు మించకూడదు. పైగా బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి! ఆ జెండా మోసేవాడు దగ్గొస్తే ఆగేవాడు, వెనక బండీ ఆగేది. ఇంజనున్న బండి మనిషి అడుగుల వెంట నడవాల్సిన ఆ చీకటి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా కాలు ఆక్సిలరేటర్ మీద పడుతుంది. 1896లో వేగం హద్దు 14 మైళ్లకు పెంచారు. అదే ఏడాది ఆగస్టులో లండన్‌లో బ్రిజెట్ డ్రిస్కల్ అనే ఆవిడ కారు గుద్ది చనిపోయింది. ఆ దేశంలో అలా పోయిన మొదటి పాదచారి ఆవిడే. ఇలాంటిది మళ్లీ జరగకూడదని విచారణాధికారి ఆశపడ్డాడని చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద పోయినవాళ్లు సుమారు 11.9 లక్షల మంది. వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్లు, మోటార్‌సైకిళ్ల వాళ్లే.

సరే, ఆ విషయం పక్కన పెడదాం. మేం ఎప్పుడూ పక్కనే పెడతాం.

కబ్జా ఎలా చేయాలో మాత్రం మా పెద్దల్ని చూసి నేర్చుకోవాలి. స్థలం తర్వాత, ముందు మాటను కబ్జా చేయాలి. 1920ల్లో అమెరికాలో కార్ల కంపెనీలు, వాళ్ల సంఘాలు "జేవాకర్" అనే మాటకు బాగా ప్రచారం ఇచ్చాయి. "జే" అంటే పల్లెటూరి మొద్దు. అంతవరకూ నిక్షేపంలా రోడ్డు మీద నడిచిన మనిషి, ఆ మాట వినగానే సిగ్గుపడి అంచుకు జరిగాడు. ఒక్క సర్వే రాయి కూడా పీకకుండా మొత్తం రోడ్డు మా పేరున మారిపోయింది.

ఇక నడిచేవాళ్లేమీ ముత్యాలు కాదు. చెవుల్లో పాట, చేతిలో ఫోన్, సిగ్నల్ ఏ రంగులో ఉందో చూడరు. సైకిలు వాళ్లలో రాత్రి లైటు లేకుండా ఎదురొచ్చేవాళ్లున్నారు. తప్పే, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే వాడు తప్పు చేస్తే దెబ్బ వాడికే. నేను తప్పు చేసినా దెబ్బ వాడికే. ఇంత లాభసాటి ఏర్పాటు ఏ వ్యాపారంలో ఉంది చెప్పండి?

నేనూ ఫోన్ చూస్తాను, దాచడమెందుకు. ఒక మెసేజ్‌కి మూడు సెకన్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ మూడు సెకన్లకు కారు 40 మీటర్లు దాటిపోతుంది. ఆ 40 మీటర్లూ బండి నడిపేది దేవుడు. ఆయనకు లైసెన్స్ ఉందా అని ఇంతవరకు ఎవరూ ఆపి అడగలేదు. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుందని ఫిజిక్స్ మాస్టారు చెప్పినప్పుడు నేను కిటికీలోంచి కార్లు చూస్తున్నాను.

కారు తలుపు దగ్గర కూడా కొందరు చాదస్తం చూపిస్తున్నారు. తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తీయాలట, నెదర్లాండ్స్‌లో అదే అలవాటట. అలా తీస్తే ఒళ్లు తిరుగుతుంది, ఒంటితో పాటు చూపూ వెనక్కి వెళ్తుంది, వచ్చే సైకిలు కనబడుతుంది. కనబడితే ఆగాలి. ఎందుకొచ్చిన తిప్పలు?

అన్నిటికంటే ఘోరం నార్వే రాజధాని ఓస్లోది. అక్కడ వేగం హద్దులు తగ్గించారు, నగరం నడిబొడ్డున వందలకొద్దీ పార్కింగ్ చోట్లు తీసేశారు. 2019లో ఆ నగరం రోడ్ల మీద ఒక్క పాదచారి గానీ ఒక్క సైకిలిస్టు గానీ చనిపోలేదు. పార్కింగ్ పోగొట్టుకున్న ఆ కార్లకు నా ప్రగాఢ సానుభూతి.

ఈ వ్యాసం అనుకున్నదానికంటే పొడుగైంది. దానికో కారణం ఉంది. నా కారు అవతలి పక్క ఆపి ఉంది, నేను ఇవతల ఉన్నాను, మధ్యలో జీబ్రా చారలున్నాయి. మొదటి చార మీద నిలబడి ఇదంతా ఫోన్‌లో టైప్ చేశాను. ఒక్క బండీ ఆగలేదు. ఇందాక నాలుగో చార దాకా వెళ్లి పరుగున వెనక్కొచ్చాను. ఆ కారాయన హారన్ కొట్టి, అద్దం దించి నన్నేదో అన్నాడు. కొమ్ము చప్పుడులో సరిగ్గా వినపడలేదు గానీ, పల్లెటూరి మొద్దు లాంటిదే. ఆయన కారు నాదానికంటే పెద్దది. కాగితాలు ఆయనవీ సరిగ్గానే ఉండి ఉంటాయి.