పెరుగు పక్కన ట్రాన్సిస్టర్లు

"ఒరేయ్, పెరుగు పక్కన ఈ సాలీళ్ళేటిరా?"

వంటింట్లోంచి అమ్మ కేక. సాలీళ్ళు కావు, మూడేసి కాళ్ళున్న జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, సిగ్నల్ని పెంచే బుల్లి భాగాలు. స్టీలు గిన్నెలో వేసి, మూత కూడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. మా ఇంట్లో మూత ఉన్న గిన్నె కనిపిస్తే తీసి చూడకుండా ఉండటం అమ్మ వల్ల కాదు.

గిటారుకి ఫజ్ పెడల్, అంటే కాలితో నొక్కితే గిటారు గొంతుని గరగరలాడించే డబ్బా, సొంతంగా కట్టుకుందామని బుద్ధి పుట్టడమే దీనికంతటికీ మూలం. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్ళు తెచ్చిన ఫజ్ ఫేస్ అది. గిటారు వీరుడు జిమి హెండ్రిక్స్ తొక్కిన పెడల్. మూత తీస్తే రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పడానికి రెండు నాబులు. ఉప్మాకైనా ఇంతకంటే ఎక్కువ సరుకులు పడతాయి.

పర్లాకిమిడి బజారులో ఎక్కడ అడిగినా బీసీ 547 అనే ట్రాన్సిస్టరే చేతిలో పెట్టారు. అది సిలికాన్. వేడికి చలించదు, బుద్ధిమంతురాలు. కానీ నాకు పాతకాలపు జెర్మేనియమే కావాలని పట్టు. ఒక షాపాయన "జెర్మేనియమా? మందుల షాపులో అడగండి" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, అటక మీద నాన్నగారి రేడియో. ఏళ్ళ తరబడి పలకడం లేదు. విప్పితే స్పీకరు దగ్గర ఏసీ 128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు రెండు, జంటగా. నా ఆనందం ఐదు నిమిషాలే. రేడియోకి గెయిన్లు, అంటే సిగ్నల్ని ఎన్ని రెట్లు పెంచుతాయో ఆ లెక్క, సరిసమానంగా ఉండే జంట కావాలి, జాతకాలు చూసి పెళ్ళి చేసినట్టు. ఫజ్‌కి అలా కుదరదు. మొదటిది 80కి అటూ ఇటూ, రెండోది 120 దాకా ఉంటే బాగా పలుకుతుందంటారు. రెండూ 80 దగ్గరే ఉన్నాయి. రెండోదాని కోసం ఒక ముసలి రేడియో మెకానిక్ దగ్గరికెళ్ళి, డబ్బా అడుగున పడివున్నవి గుప్పెడు తెచ్చుకున్నాను.

అసలు కథ మధ్యాహ్నం మొదలైంది. పొద్దున్న గెయిన్ మీటరు మీద 118 చూపించినది మధ్యాహ్నానికి 170 అంది. మీటరు పాడైందేమోనని ట్రాన్సిస్టర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని చూద్దును కదా, 175... 183... 190. నా వేలి వేడికే! జెర్మేనియంలో బేస్ అనే కాలికి ఏమీ ఇవ్వకపోయినా కాస్త కరెంటు కారుతూనే ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ లీకేజీ దాదాపు రెట్టింపు. మీటరు పాపం దాన్నీ గెయిన్ కిందే కలిపేస్తుంది. మా ఊరి ఏరు మహేంద్రతనయలో ఇసుక సెగలు కక్కే మే నెలలో ఏ అంకెని నమ్మాలి? అందుకే ఫ్రిజ్.

తెల్లారి ఐదింటికి చల్లగాలిలో పెడల్ పలికింది. తుమ్మెదల గుంపు రొదలా, ఒళ్ళు జలదరించేలా. పక్కింటాయన కిటికీ ధడేల్న మూశాడు. నేనైతే దాన్ని మెచ్చుకోలు కిందే రాసుకున్నాను.

మధ్యాహ్నం కాశీబుగ్గ నుంచి బావ వచ్చాడు. గొప్పగా వాయించి చూపించబోయాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆంప్, పెడల్ రెండూ బ్యాటరీవే కనుక ఆగలేదు కానీ, ఫ్యాన్ ఆగిన గదిలో పెడల్ జలుబు చేసిన దూడలా గురగురమని, మధ్యలో గొంతు తెగి ఆగిపోయింది.

"మీ ఊళ్ళోనే కదా గిడుగు వారు సవర భాషకి నిఘంటువు కట్టింది? ఇదేం భాషో ఆయనే చెప్పాలి బావా" అన్నాడు. నవ్వలేక నవ్వాను. అప్పటికే ఇంకో ట్రాన్సిస్టర్ కాలు విరిగి నా గోటి సందులో ఉంది. రేడియో జంటలో రెండోది. ఆ పాత కాళ్ళు రెండుసార్లు వంచితే చాలు, పుటుక్కుమంటాయి.

సాయంత్రం అమ్మ వచ్చి నా ముందు నాలుగు కొత్త సెల్లులు పెట్టింది.

"నాన్న రేడియో దించేవట కదా. బావ చేత తెప్పించేను, వెయ్యి."

"అది పలకదు కదమ్మా!"

"పలక్కేం? సెల్లులు అయిపోతే అటకెక్కించేం, అంతే. కాసేపట్లో వార్తలొస్తాయి, బేగి కానీ."

ఆరుంబావు అయింది. సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడెక్కలేదు. అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.