మ.రా.రా.శ్రీ చిల్టర్న్ హండ్రెడ్స్ వారి దివ్యసముఖమునకు

బకింగ్‌హామ్‌షైర్ వాస్తవ్యులు మహారాజరాజశ్రీ చిల్టర్న్ హండ్రెడ్స్ వారికి నమస్కరించి వ్రాయు విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, తమ కుశలం సంగతే మాకు అనుమానం. తమరు కన్నుమూసి నూట ముప్పై ఏళ్లు దాటింది. అయినా తమ పేరు మీద ఉద్యోగం మాత్రం ఇప్పటికీ ఇస్తున్నారు. జీతం లేదు, ఆఫీసు లేదు, పనీ లేదు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు సీటు వదులుకోవడానికి పుచ్చుకునే సాకు అది. అలాంటి ఉద్యోగంలో 2007లో టోనీ బ్లెయిర్ చేరాడు, 2023లో బోరిస్ జాన్సన్ చేరాడు. ఇద్దరూ ప్రధానులుగా చేసినవాళ్లే. మా దగ్గర రిటైరైన పెద్దలకు కార్పొరేషన్ చైర్మన్ పదవులు ఇస్తుంటారు. వాటికి కనీసం కారైనా ఉంటుంది.

తమ గురించి తెలియని మావాళ్ల కోసం నాలుగు ముక్కలు. తమరు ఇంగ్లండులో మా తాలూకాల్లాంటి పాతకాలపు పాలనా విభాగాలు. ఒకరు కారు, ముగ్గురు: స్టోక్, డెస్‌బరో, బర్న్‌హామ్. ‘హండ్రెడ్’ అంటే వంద హైడ్‌ల నేల. హైడ్ అంటే ఒక కుటుంబం తిని బతకడానికి చాలే భూమి, మామూలుగా 120 ఎకరాలని పట్టేవారు. నేల ఎక్కడా ఒకేలా పండదు కనుక తమ వంద చాలాచోట్ల సరిగ్గా వంద కాలేదు. పదో శతాబ్దం నాటి రాజశాసనం ప్రకారం నాలుగు వారాలకోసారి హండ్రెడ్ సభ కూడాలి, దొంగల పంచాయితీ తేల్చాలి. డెస్‌బరో వారి సభ హై వికమ్ శివారులోని పాత మట్టికోట దగ్గర జరిగేదంటారు. ఆ కోట గట్లు ఇప్పటికీ ఉన్నాయి. చుట్టూ ఇళ్లు లేచాయి.

తమ కింద పారిష్‌లు. పారిష్ అనగానే మనవాళ్లకు చర్చి గుర్తొస్తుంది గానీ, అది ఊరి లెక్కల పుస్తకం కూడా. 1601 చట్టం తర్వాత బీదలకు తిండి పెట్టే పన్ను పారిష్ వారీగానే వసూలు చేశారు. స్టోక్ కింద ఈటన్, డాచెట్, హార్టన్, ఐవర్, డెన్హమ్. బర్న్‌హామ్ కింద అమర్షమ్, చెషమ్, పెన్, టాప్లో, రెండు చాల్‌ఫంట్‌లు. ఇవాళ అందరి నోటా ఉన్న స్లౌ పట్టణానికి తమ పట్టీలో సొంత పేరే లేదు. అది అప్టన్ పారిష్‌లో రోడ్డు పక్క ఊరు. 1974లో స్లౌనీ ఈటన్‌నీ తీసుకెళ్లి బర్క్‌షైర్‌లో కలిపారు. జెరార్డ్స్ క్రాస్ పారిష్‌ది ఇంకా చిత్రం. చాల్‌ఫంట్ సెయింట్ పీటర్, ఫుల్మర్, ఐవర్, లాంగ్లీ, అప్టన్ అనే ఐదు పారిష్‌ల కొసలు కత్తిరించి, 1859లో ఒక్కటిగా కుట్టారు. బొంతే! అమర్షమ్ పారిష్‌లోని కోల్షిల్ అయితే 1844 దాకా చుట్టూ బకింగ్‌హామ్‌షైర్ ఉండగా తాను మాత్రం హెర్ట్‌ఫర్డ్‌షైర్‌నని కూర్చుంది. అక్కడ మాకు మునగాల పరగణా గుర్తొచ్చింది. నైజాం నేల మధ్యలో ఉండి కృష్ణా జిల్లాకు శిస్తు కట్టిన ఊళ్లవి.

ఇక మొదట్లో చెప్పిన ఆ ఉద్యోగం, అంటే తమ స్టీవార్డు (రాజుగారి తరఫు పెత్తందారు) పదవి. చిల్టర్న్ కొండల బీచ్ అడవుల్లో (సముద్రపు బీచ్ కాదు, చెట్టు) దొంగలు దాక్కుంటున్నారని, వాళ్లను పట్టడానికి పెట్టిన పదవి అంటారు. 1285 వించెస్టర్ శాసనం ప్రకారం దారి దోపిడీ జరిగి దొంగ దొరక్కపోతే ఆ హండ్రెడ్ జనమే నష్టం కట్టుకోవాలి. పెద్ద రోడ్డుకు ఇరువైపులా 200 అడుగుల మేర పొద అనేది లేకుండా కొట్టెయ్యాలి. పాపం, చాలా పనే ఉండేది. 1867లో హండ్రెడ్ కోర్టుల అధికారం పోయింది. అల్లర్ల నష్టం కట్టే బాధ్యత 1886లో పోయింది. 1894లో జిల్లా మండళ్లు వచ్చాక తమను పలకరించే దిక్కు లేదు. అలాగని తమను రద్దు చేస్తున్నామని ఏ చట్టమూ నోరు తెరిచి అనలేదు. ఆ మాటకొస్తే మా తాలూకాలు 1985లో మండలాలయ్యాయి గానీ, మాట చావలేదు. ఇప్పుడది బండి నంబరు ప్లేట్ల మీద ‘ఎమ్మెల్యే గారి తాలూకా’ అని తిరుగుతోంది. తమరిదీ అదే బతుకు.

అసలు మెలిక ఎక్కడుందంటే, ఎన్నికైనవాడు తనంతట తాను సభ్యత్వం వదులుకోవడానికి వీల్లేదని పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభ 1624 మార్చి 2న తీర్మానించింది. రాజుగారు ఉద్యోగాలు ఎరవేసి సభ్యులను కొనేస్తున్నారని 1701లో, మళ్లీ 1707లో లాభదాయక పదవుల మీద చట్టాలు చేశారు. అలాంటి పదవి పుచ్చుకుంటే సీటు పోతుంది. అంటే తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచారు. 1751 జనవరిలో జాన్ పిట్ అనే ఆయన వేర్‌హామ్ సీటు వదిలి డార్చెస్టర్‌లో నిలబడాలనుకుని, తమ స్టీవార్డుగిరీ పుచ్చుకుని ఆ కిటికీలోంచి దూకాడు. అప్పటినుంచి అదే రాజమార్గం. 1975 చట్టం కూడా తమ మూడు పేర్లనూ వరసగా రాసి, ఇది అనర్హత తెచ్చే పదవే అని ముద్ర వేసింది. లాభం ఎక్కడుందని అడక్కండి.

పద్ధతి ఇదీ. వెళ్లిపోదలచిన సభ్యుడు స్పీకరుకు కాదు, ఆర్థిక మంత్రికి ఉత్తరం రాయాలి. ఆయన నియామక పత్రం మీద సంతకం పెడతాడు. సంతకం పడగానే సీటు ఖాళీ. ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖ, ప్రకటన ఇస్తుంది, స్పీకరుకు కబురు వెళుతుంది, ఆపైన ఉప ఎన్నిక. కొత్తవాడు రాగానే పాతవాడి పదవి రద్దు. ఒకరి వెనక ఒకరు వస్తే ఇబ్బంది లేకుండా యార్క్‌షైర్‌లోని నార్త్‌స్టెడ్ మేనర్ (పాత జమీ) పెత్తనాన్ని కూడా జత చేశారు. తమకొకరు, దానికొకరు, మళ్లీ తమకొకరు. 1985 డిసెంబర్ 17న ఆంగ్లో-ఐరిష్ ఒప్పందానికి నిరసనగా ఉత్తర ఐర్లండ్‌కు చెందిన 15 మంది యూనియనిస్టు (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే) సభ్యులు ఒక్కుమ్మడిగా బయటికి నడిచినప్పుడు ఈ రెండు కుర్చీలూ ఎలా తిరిగాయో ఊహించుకోండి. ఉప ఎన్నికల్లో 14 మంది తిరిగొచ్చారు, ఒక సీటు పోయింది. రాజీనామా చేసి, తొడగొట్టి, మళ్లీ గెలిచి రావడం మావాళ్ల పేటెంటు అనుకుంటాం గానీ కాదన్నమాట.

ఈ ఏర్పాటు బెడిసికొట్టిందీ ఉంది. 2011లో బ్రిటిష్ పాలన వద్దనే ఐరిష్ నాయకుడు జెరీ ఆడమ్స్ ఏ పదవీ అడగకుండా ‘రాజీనామా చేస్తున్నాను’ అని మాత్రమే రాశాడు. బ్రిటిష్ రాణి పేరిట ఉద్యోగం పుచ్చుకుంటే ఐరిష్ రిపబ్లికన్ పరువేం కాను? ట్రెజరీ ఆ ఉత్తరాన్నే దరఖాస్తుగా లెక్కేసి నార్త్‌స్టెడ్‌ను అంటగట్టింది. ప్రధాని కామెరాన్ నిండు సభలో ఆయన్ను నార్త్‌స్టెడ్ ‘బేరన్’ అనేశాడు. నేనేదీ తీసుకోలేదు మొర్రో అని ఆడమ్స్ మొత్తుకున్నాడు. మా దగ్గరైతే స్పీకర్ ఫార్మాట్ ఉంది. ఒక్క వాక్యం రాసి స్పీకరుకు ఇస్తే చాలు, కారణాలు రాసినా ఆయన వాటిని వదిలేసి చదవొచ్చు. అయితే ఇష్టపూర్వకంగా ఇచ్చారో లేదో ఆయన తేల్చుకోవాలి. 2018లో ప్రత్యేక హోదా కోసం ఐదుగురు వైఎస్సార్‌సీపీ ఎంపీలు ఏప్రిల్‌లో ఇస్తే ఆమోదం జూన్‌లో వచ్చింది. తమ దగ్గర ఒక్క సంతకంతో పూట తిరక్కుండా అయిపోతుంది. ఆ ఒక్క విషయంలో తమకు దండం.

మాకు నవ్వొచ్చేది వేరే ఉంది. సభలో కుర్చీ పోగొట్టే తమరి డెస్‌బరోలోనే హై వికమ్ ఉంది. అది ఇంగ్లండుకు కుర్చీలు చేసిపెట్టిన ఊరు. అడవిలో బీచ్ దుంగను రంపంతో నిలువునా కొయ్యకుండా చీలలు దిగగొట్టి చీల్చేవారు. చీలిక నార వెంట పోతుంది కనుక కుర్చీ కాలు విరగదు. గొడ్డలితో చెక్కి, కాలితో తొక్కే కొమ్మ లేత్ యంత్రం మీద పచ్చిగా ఉండగానే తిప్పేవారు. పచ్చికర్ర ఉలికి వెన్నలా తెగుతుంది. ఒక గ్రోసు అంటే 144 కాళ్లు, 108 అడ్డకర్రలు, అంటే 36 కుర్చీలకు సరిపడా సరుకు. దాన్ని ఆరబెట్టి తీరాలి. పచ్చికాలును తొందరపడి ఎల్మ్ చెక్క పీటకు బిగిస్తే, ఎండాక కొన సన్నబడి కుర్చీ ఊగిసలాడుతుంది. మా దగ్గర సంకీర్ణ ప్రభుత్వాలు కట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ ఊళ్లోనే ఇంకో ఆచారం ఉంది. ఏటా మే నెలలో మేయరును నడివీధిలో త్రాసులో కూర్చోబెట్టి తూస్తారు, ఏడాది తిరిగాక మళ్లీ తూస్తారు. బరువు పెరిగితే మన పన్ను సొమ్ము తిన్నాడని జనం గేలి చేస్తారు. అలా పెరిగినప్పుడు చాటింపు వేసేవాడు ‘ఆపైన ఇంకొంచెం!’ అని అరుస్తాడు.

కనుక విన్నపం ఏమనగా: తమరి స్టీవార్డుగా చేరబోయే ప్రతి సభ్యుడినీ పత్రం మీద సంతకం పడేముందు ఒక్కసారి హై వికమ్ త్రాసు దాకా పంపించండి. ఎన్నికైన నాటి బరువు పక్కనే రాసి ఉంచండి. అరిచే మనిషి అక్కడే ఉన్నాడు.

ఇట్లు,
రాజీనామాల పట్టీ రాసుకునే తమ విధేయులు