కుక్కర్లో ఇసుక

విదేశంలో ఉన్న మనవాళ్ళ సంఘం డిసెంబరులో ఊళ్ళో చేసిన కార్యక్రమం ఫొటోలు మన గ్రూపులో అందరూ చూసే ఉంటారు. కంటి శిబిరం, సైకిళ్ళ పంపిణీ, చివర్లో పిండివంటల పోటీ. ఆ ఆఖరి ఫొటోలో ఎడమ నుంచి మూడోవాణ్ణి నేనే, మెడలో కండువాతో. ఫొటోలో పడని సంగతి ఒకటుంది. మన పత్రిక సంక్రాంతి సంచికకే రాద్దామనుకుని వెనకడుగు వేశాను. ఉగాది సంచికకి కూడా పంపకపోతే మా ఆవిడ ఊరుకునేలా లేదు.

పోటీ విజయనగరంలో, కోటకి దగ్గర్లో ఉన్న కల్యాణమండపంలో. ఇరవై మూడు పళ్ళాలు వచ్చాయి. జడ్జీలం నలుగురం, అందులో ముగ్గురం విమానం దిగి వారం కాలేదు. నియమాల కాగితం మనవాళ్ళే ఇక్కడ టైపు చేసి పంపారు. అందులో నాలుగోది: ‘డబ్బా, ప్యాకెట్, రెడీమిక్స్ వాడిన వంటకాలు పోటీకి అనర్హం.’

పదహారో పళ్ళెం నెల్లిమర్ల నుంచి బస్సులో వచ్చిన ఒకావిడది. గుండ్రటి కేకు, పైన జీడిపప్పు బద్దలు పువ్వులా పేర్చింది. ‘‘పలాస పప్పండి’’ అంది అడక్కుండానే. మాలో ఒకాయన అడిగాడు, ‘‘ఇందులో డబ్బా పాలు వేశారా?’’

‘‘వేసేనండి. మా యింట్లో గేదె నేదు బాబూ.’’

వేయలేదని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. అనలేదు. ‘‘అయితే రూలు ప్రకారం కుదరదమ్మా’’ అని మావాడు కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. ఎవరమూ ముక్క కూడా తుంచలేదు. ‘‘పర్నేదండి, పిల్లలు తింటారు’’ అని ఆవిడ మూత పెట్టబోయింది. జీడిపప్పు అడ్డొచ్చి మూత సరిగ్గా కూర్చోలేదు. రెండుసార్లు నొక్కింది.

నేను నోరెత్తలేదు. పక్కనున్న జంతికల వైపు జరిగాను. బాగానే ఉన్నాయి, వాము సరిపోయింది.

ఇప్పుడు నా బండారం కూడా చెప్పుకోవాలి. మన దీపావళి పాట్‌లక్‌కి నేను తెచ్చే కలాకంద్ తిననివాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో తక్కువ. రికోటా చీజ్ ఒక డబ్బా, కండెన్స్‌డ్ మిల్క్ (ఆ డబ్బా పాలే) ఒక డబ్బా, గుప్పెడు పాలపొడి, నాలుగు యాలకులు. మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలకోసారి తీసి కలుపుతూ ఉంటే పావుగంటలో దగ్గరపడుతుంది. నాలుగో నియమం రాసిన పెద్దమనిషి కూడా పోయిన దీపావళికి రెండు ముక్కలు టిష్యూలో చుట్టుకెళ్ళారు. పేరెందుకు లెండి.

పెళ్ళయ్యేదాకా పాలు పొంగకుండా కాచడం కూడా రానివాణ్ణి నేను. నన్ను వంటింట్లోకి పిలిచింది ఆ డబ్బాలే. ఆ ధైర్యంతోనే తర్వాత కేకుల్లోకి దిగాను. ఆదివారం పొద్దున నల్లబడిపోయిన అరటిపళ్ళు రెండు మా అమ్మాయి ఫోర్కుతో మెదుపుతుంది, నేను పిండి జల్లిస్తాను. బేకింగ్ పౌడర్ తడి తగలగానే పొంగడం మొదలెడుతుంది కాబట్టి పిండి కలిపాక ఇద్దరం పరుగే. ఇరవై నిమిషాలకి మెట్ల మీదకి వాసన వస్తుంది. ఇంకా మంచం దిగని మా అబ్బాయి ‘‘అయిందా?’’ అని పైనుంచి అరుస్తాడు. వారమంతా మేం నలుగురం ఒకే గదిలో చేరేది ఆ అరగంటే.

మా అమ్మా కేకు చేసేది. ఎనభైల్లో అవెన్ ఉన్న ఇల్లు మా వీధిలో ఒక్కటీ లేదు. నా పుట్టినరోజు ముందు నాన్న మూడు లాంతర్ల కూడలి దగ్గర కొట్లో మిల్క్‌మెయిడ్ పాల డబ్బా కొనుక్కొచ్చేవాడు. ఏడాదికి ఒక్కటే. డబ్బాకి చుట్టిన కాగితం మీద ఇంగ్లీషులో ఉన్న విధానం నేను చదివి చెప్తే అమ్మకి నమ్మకం కుదిరేది కాదు, పక్కింటి టీచరుగారి చేత మళ్ళీ చదివించేది. చంపావతి ఏటి ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి హార్లిక్స్ సీసాలో దాచి ఉంచేది. కుక్కర్ మూతకి రబ్బరు, వెయిట్ రెండూ తీసేసి, అడుగున రెండు వేళ్ళ మందాన ఆ ఇసుక పోసి పది నిమిషాలు కాగనిచ్చేది. ఆ తర్వాత డాల్డా రాసి మైదా చల్లిన అల్యూమినియం గిన్నె అందులోకి దిగేది. సన్నటి మంట, ముప్పావుగంట. అంతసేపూ వంటింట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు, కేకు అణిగిపోతుందని ఆవిడ భయం. కొబ్బరీనె గుచ్చి, పిండి అంటకుండా వచ్చిందంటే అయినట్టు. తిరగేస్తే అడుగున ఎప్పుడూ ఒక పక్క మాడి ఉండేది. ఆ మాడు పెచ్చు నా వాటా. డబ్బా మూత నాకబోయి మా చెల్లి ఒకసారి నాలుక కోసుకుంది. ఖాళీ అయిన ఆ 400 గ్రాముల డబ్బాతోనే ఏళ్ళతరబడి మా ఇంట్లో బియ్యం కొలిచారు.

నాలుగో నియమం ప్రకారం మా అమ్మ కేకూ అనర్హమే.

బిస్కట్ల సంగతి చెప్పనే లేదు. వేసవి సెలవుల్లో మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని గంటస్తంభం వెనక బేకరీకి వెళ్ళి, కిలోకి ఇంత అని కూలి ఇచ్చి బిస్కట్లు చేయించుకొచ్చేవాళ్ళం. సాయంత్రం డబ్బా నిండా వేడివేడిగా వచ్చేవి. సరుకు మాది, పొయ్యి వాళ్ళది. అవి ఇంటివా, బజారువా? ఆ ప్రశ్న అప్పుడు ఎవరికీ రాలేదు. ఎదురింటివాళ్ళకి పంపేటప్పుడు అమ్మ ‘‘ఇంట్లో చేసినవే’’ అనే చెప్పేది.

ఇలాంటి నియమాలు కొత్తవేం కాదు. మా నాయనమ్మ మరాడించిన తడిపిండితో అరిసెలు చేస్తే ముట్టుకునేది కాదు. ‘‘రోట్లో దంచని పిండి పిండేటి?’’ అనేది. ఆవిడ కూర్చుని చెప్పేది, రోకలి పట్టేది పనిమనిషి.

నాలుగో నియమం పెట్టినవాళ్ళ బాధ నాకు తెలియక కాదు. అరిసె పాకం కాగితం చూసి వచ్చే విద్య కాదు. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. అది దాటిందా, అరిసె పళ్ళకి పరీక్షే. దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఈ పని తెలిసిన చేతులు మా ఇంట్లోనే ఏటేటా తగ్గిపోతున్నాయి. గేటు తెరిస్తే అందరూ గులాబ్‌జామ్ ప్యాకెట్లే పట్టుకొస్తారని కమిటీలో అన్నారు. కొందరు తెస్తారు కూడా.

కానీ ఆ అరిసెల రాత్రులు నాకు ఇంకో రకంగా కూడా గుర్తున్నాయి. దొడ్లో కట్టెల పొయ్యి ముందు అమ్మ, పిన్ని, మేనత్త కళ్ళు తుడుచుకుంటూ రాత్రి పదకొండింటిదాకా వాయి మీద వాయి తీసేవాళ్ళు. వరండాలో నాన్న, బాబాయి మొదటి వాయి రుచి చూసి ‘‘పాకం ముదిరింది’’ అని తీర్పు చెప్పేవాళ్ళు. ఒక్క అరిసైనా ఒత్తి ఎరగని నేను డిసెంబరులో కూర్చున్నది ఆ వరండా కుర్చీలోనే.

పైగా ఆ డబ్బా పాలు ఎక్కడివి? అమెరికాలో గెయిల్ బోర్డెన్ 1856లో పేటెంటు తీసుకున్న సరుకు. పాలల్లో నీరు తీసేసి పంచదార కలిపినవి, అంతే. లీటరు గేదె పాలు గంటసేపు అడుగంటకుండా తిప్పినా పావుకిలో కోవా రాదు. ఉద్యోగమో, కుట్టుమిషనో, పసిపిల్లో ఉన్న మనిషికి ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడ పొద్దున కాఫీ నుంచి రాత్రి పరోటా దాకా మనం ఫ్రిజ్‌లోంచి, ప్యాకెట్లోంచి తీసుకుంటాం. ఏడాదికోసారి ఊరెళ్ళి, అక్కడివాళ్ళు మాత్రం రోలూ రోకలీ వదలకూడదంటాం. మనం వదిలేసి వచ్చిన ఊరు మన కోసం కదలకుండా కూర్చోవాలా?

అందుకని కమిటీవారికి నా మనవి. అరిసెలకి, పోకుండలకి, మినపసున్నికి వేరే బహుమతి పెట్టండి, పెద్దదే పెట్టండి, నా వంతు చందా నేనిస్తాను. నాలుగో నియమం మాత్రం కొట్టేయండి. జడ్జీలు ముందు తినాలి, ఏం వేశారో తర్వాత అడగాలి. మగ జడ్జీలు పోటీకి ముందు ఒక్క వాయైనా తీసి రావాలని కూడా రాయించాలనుంది కానీ, అలా అయితే జడ్జీలు దొరకరు.

తిరిగొచ్చాక మా ఆవిడ అన్నీ విని, ‘‘ఇంతకీ కేకు ఎలా ఉంది?’’ అంది. చెప్పలేకపోయాను.

ఆ పదహారో పళ్ళెం ఆవిడ పేరు, ఊరు ఉన్న కాగితం నా దగ్గరే ఉంది. డిసెంబరు టికెట్లు తీసేలోపు నియమం మారితే కబురు చెప్పే పని నాది. నెల్లిమర్ల బస్సు ఎక్కడ ఎక్కాలో నాకు తెలుసు.