సత్యచర్చ గారికి ఒక స్కూటర్ యజమాని విన్నపం

మహారాజశ్రీ ‘సత్యం అంటే ఏమిటి?’ అనే చర్చ గారి దివ్యసముఖానికి, హనుమకొండ నుంచి తమ పాత భక్తుడు నమస్కరించి వ్రాయునది.

గత ఆదివారం మధ్యాహ్నం మిత్రుని డాబా మీద ఆరంభమైన తమరు దీపాలు పెట్టే వేళకు కూడా ఒక కొలిక్కి రాలేదు. అందుకు నాకు బాధ లేదు. తమరు ఏనాడు వచ్చారు గనుక! ‘సత్యమేవ జయతే’ అని బల్ల గుద్ది, ముండకోపనిషత్తులో దాని పక్కనే ఉన్న ‘నానృతం’ను, అంటే ‘అసత్యం గెలవదు’ అన్న ముక్కను, మింగేసే పెద్దమనుషులనూ క్షమించాను. వేయిస్తంభాల గుడిలో స్తంభాలు నిజంగా వెయ్యి ఉన్నాయా అన్నదే చర్చాంశమైతే, వెళ్ళి లెక్కపెట్టుకుని చీకటి పడకముందే ఇళ్ళకు చేరేవాళ్ళం కదా అన్న నా మాటను ఎవరూ పట్టించుకోకపోయినా ఊరుకున్నాను.

స్కూటర్ విషయంలో మాత్రం ఊరుకోలేను.

దిగి చూస్తే, వేపచెట్టు కింద నిలిపిన నా తెల్ల స్కూటర్ వెనుక భాగాన సొట్ట, దాని మీద జానెడు ఎర్రగీత. పక్కనే ఎర్రకారు. మిర్చిబజ్జీల కోసం మధ్యలో కారు తీసి, మళ్ళీ తెచ్చి పెట్టింది, ప్రమాణాలు, అంటే సత్యాన్ని తెలుసుకునే దారులు, ఆరని గంటసేపు వాదించిన మన అద్వైతి గారు. కొండ మీద పొగను చూసి నిప్పును గ్రహించవచ్చని మాకు బోధించిన ఆయన, ఎర్రరంగును చూపగానే, ‘కళ్ళారా చూశారా?’ అని ప్రత్యక్షం తప్ప మరొకటి ఒప్పని చార్వాకులైపోయారు. బజ్జీలబండి పిల్లవాడు చూశాడంటే, వాడు ఆప్తుడు, అంటే నమ్మదగిన సాక్షి, కాడు గనుక వాడి మాట శబ్దప్రమాణం కాదన్నారు. పద్మాక్షి గుట్ట తీర్థంకరుల సాక్షిగా జైనుల స్యాద్వాదమూ ప్రయోగించారు: ఒక దృష్టిలో తగిలిందట, ఒక దృష్టిలో తగలలేదట, మరొక దృష్టిలో చెప్పనలవి కాదట. చివరకు తాడును పామనుకున్నట్లు ఆ సొట్ట కూడా నా భ్రాంతేమోనన్నారు. దీపం తెస్తే పాము పోవాలి గదా. ఫోను లైటు వేస్తే నా సొట్ట ఇంకా పెద్దదైంది!

సిగ్గుండాలి. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు వ్యవహార సత్యం, పరమార్థ సత్యం అని సత్యాలు రెండన్నాడు, అద్వైతులు మూడు మెట్లు కట్టారు. వ్యవహారంలో వ్యవహార సత్యాన్ని ఎగ్గొట్టమని వారిలో ఎవడు చెప్పాడు?

మరునాడు మెకానిక్ వంగి కూడా చూడకుండా, ‘ఎర్ర కారోడు రివర్సుల గుద్దిండు సార్, 1,200 అయితది’ అన్నాడు.

వచ్చే ఆదివారం చర్చాంశం ‘అసత్యం సాధ్యమా?’ అని కబురు వచ్చింది. తప్పక వస్తాను. రసీదు జేబులో పెట్టుకుని, నడిచి వస్తాను.